కరెంటు బిల్లు అసలు కాగితం చూశాకే కిరాయిదారు డబ్బు ఇవ్వాలి

హన్మకొండ, కాజీపేట వైపు రెండు మూడు పోర్షన్లున్న ఇళ్లలో ఒకే సర్వీసు మీటరు ఉండి, సబ్ మీటరు లెక్క ప్రకారం యూనిట్‌కు ఇంత అని ఇంటి యజమాని నోటిమాటగా చెప్పడం మామూలే కనుక, కిరాయికి దిగే ముందే ప్రతి నెలా అసలు బిల్లు చూపించాలన్న షరతును అగ్రిమెంటులో రాయించుకోవడం మంచిది. బిల్లు మీద ఉండే యూనిక్ సర్వీస్ నంబరును ఒక్కసారి రాసిపెట్టుకుంటే, ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ వెబ్‌సైటులో బిల్లు వివరాలను మనమే చూసుకోవచ్చు. అప్పుడు ఎవరినీ అడగవలసిన మొహమాటం ఉండదు.

స్లాబు, అంటే నెలలో కాల్చిన యూనిట్లను బట్టి రేటు మారే సంగతి, ముఖ్యంగా గమనించాలి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన టారిఫ్ ప్రకారం, విడి మీటరుపై 120 యూనిట్లు కాలిస్తే ఎనర్జీ ఛార్జీ, అంటే కాల్చిన యూనిట్లకు పడే మొత్తం, 436 రూపాయలు అవుతుంది. అదే ఇద్దరివీ కలిసి ఒకే మీటరుపై 240 అయితే, 200 దాటినందున మొదటి యూనిట్ నుంచే రేటు మారి మొత్తం 1,328కి చేరుతుంది, అంటే ఒక్కొక్కరికి 664. ఇందులో యజమాని మోసమేమీ లేదు, కానీ బిల్లు చూడనివారికి అది మోసంగానే కనిపిస్తుంది. 200 యూనిట్ల లోపు వర్తించే ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి సైతం ఇలాగే చేజారుతుంది. వీలైతే విడి సర్వీసు పెట్టించమని అడగండి.

ఇల్లు చేరిన రోజే మీటరు రీడింగును, తేదీ తెలిసేలా ఫొటో తీసి యజమానికి వాట్సాప్‌లో పంపండి.