కేన్సర్ ఆస్పత్రి పనులు నిజంగా ఎంతవరకు వచ్చాయో తెలుసుకోవడం ఎలా

తిరుపతిలో కొత్త కేన్సర్ చికిత్సా కేంద్రం పనులు ఇంత శాతం పూర్తయ్యాయని జిల్లా పేజీల్లో తరచూ వార్తలు వస్తుంటాయి, కాని ఆ శాతం దేనిలో శాతమో వాటిలో అరుదుగా ఉంటుంది. గుత్తేదారుకు చెల్లించిన బిల్లులను ఒప్పందపు విలువతో పోల్చి చెప్పేది ఆర్థిక ప్రగతి, ఎం-బుక్కులో, అంటే పని కొలతల పుస్తకంలో, ఇంజినీరు నమోదు చేసిన కొలతలను బట్టి చెప్పేది భౌతిక ప్రగతి. బిల్లులు ఆగిపోయిన చోట పని ముందు నడిచి లెక్క వెనకబడుతుంది. సామగ్రి దించగానే కొంత సొమ్ము చెల్లించే ఒప్పందమైతే లెక్క ముందు నడిచి పని వెనకబడుతుంది. కాబట్టి ఏ శాతం కనబడినా అది ఈ రెండింటిలో ఏదో ముందుగా అడగాలి. అది తెలిసినా, పలమనేరులోనో పుంగనూరులోనో ఉన్న రోగి కుటుంబానికి కావలసిన జవాబు మాత్రం దొరకదు. అక్కడ రేడియేషన్ చికిత్స ఎప్పుడు మొదలవుతుందన్నదే వారి ప్రశ్న.

తల, మెడ భాగాల కేన్సర్లకు సాధారణంగా వారానికి అయిదు రోజుల చొప్పున ఆరేడు వారాలపాటు రేడియేషన్ ఇస్తారు. శస్త్రచికిత్సకు ఒకసారి ఊరు దాటి వెళ్లి రావడం వేరు, రోజూ కొద్ది నిమిషాల చికిత్స కోసం నెలన్నర వేలూరులోనో చెన్నైలోనో గది అద్దెకు తీసుకుని కూలి పోగొట్టుకోవడం వేరు. అందువల్ల కేన్సర్ కేంద్రం నిర్మాణాన్ని గమనించేవారు అన్నింటికంటే ముందు రేడియేషన్ విభాగం మీదనే దృష్టి పెట్టాలని నా అభిప్రాయం. మిగతా భవనం ఏ ఆస్పత్రి భవనంలాగానో లేస్తుంది. ఆలస్యమంతా ఇక్కడే దాగి ఉంటుంది.

ఎంత కాలం పట్టవచ్చో అంచనాకు తిరుపతిలోనే ఒక కొలబద్ద ఉంది. అలిపిరి సమీపంలో టాటా ట్రస్టుల ఆధ్వర్యంలో వచ్చిన శ్రీ వేంకటేశ్వర కేన్సర్ సంస్థకు 2018 ఆగస్టులో శంకుస్థాపన జరగగా, 2022 మేలో ప్రారంభోత్సవం జరిగింది. మధ్యలో కోవిడ్ వచ్చిన మాట నిజమే అయినా, శంకుస్థాపన నాడే రెండేళ్లలో వైద్యం అందుతుందని ఎవరైనా ప్రకటిస్తే ఈ తేదీలను గుర్తు చేసుకోవడం మంచిది.

ఇక నిర్మాణ స్థలం దగ్గర చూడవలసినది బంకర్. లినాక్ అనే రేడియేషన్ యంత్రం ఉండే గదిని సైట్‌లో అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. అది సాధారణంగా నేల అంతస్తులోనో సెల్లారులోనో, కిటికీలు లేకుండా, భవనానికి ఒక చివర ఉంటుంది. కిరణం నేరుగా తగిలే రెండు ఎదురెదురు గోడల మధ్యభాగం, వాటిని కలుపుతూ పైకప్పు మీదుగా పోయే పట్టీ మిగతా భాగాలకంటే బాగా మందంగా ఉంటాయి. ఎక్కువ శక్తి గల యంత్రమైతే అక్కడ కాంక్రీటు మందం రెండు మీటర్లు దాటుతుంది, పక్క గోడలకు మీటరు, మీటరున్నర సరిపోతుంది. గదిలోకి తిన్నగా కాకుండా మలుపు తిరిగిన దారిలో వెళ్లేలా కడతారు, ఎందుకంటే చెదిరిన కిరణాలు గోడలకు తగిలి తలుపు చేరేలోగా బలహీనపడాలి. దూరం నుంచి చూసినా, ఆ మందమైన పట్టీకి సెంట్రింగ్ కడుతున్నారా, కంబి కట్టడం ముగిసిందా, పైకప్పు పోశారా అన్నది తెలుస్తుంది. ముందువైపు అద్దాలు బిగించిన ఫొటోలకంటే ఆ పైకప్పు ఫొటో ఒక్కటి ఎక్కువ చెబుతుంది. అయినా పత్రికలు ముందువైపు ఫొటోలే వేస్తాయి. గోడ చూడ్డానికి అందంగా ఉండదు కదా.

ఈ కాంక్రీటు మామూలు స్లాబు కాదు. సగం పోసి ఆపి, అది గట్టిపడ్డాక మిగతా సగం పోస్తే రెంటి మధ్య కోల్డ్ జాయింట్ ఏర్పడి, ఆ సందు వెంట రేడియేషన్ బయటికి వచ్చే ప్రమాదం ఉంటుంది. అందుకే పోత ఎక్కడ ఆపాలో ముందే నిర్ణయించి, అక్కడ తిన్నని అతుకు రాకుండా గాడి పెడతారు. ఒక దశ పోత మొదలైతే ఆపకుండా ముగిస్తారు. ఇంత మందం పోసినప్పుడు సిమెంటు గట్టిపడేటప్పటి వేడి లోపలే చిక్కుకుని పగుళ్లు తెస్తుంది. తిరుపతిలో మే నెల ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది కాబట్టి, వేసవిలో నీటికి బదులు కొంత ఐసు కలిపి రాత్రిపూట పోయడం తెలివైన పని. పగలు పని ఆగినట్టు కనబడి రాత్రి లారీలు తిరుగుతుంటే పని కుంటుపడిందని అనుకోనక్కరలేదు. మరోపక్క అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో చూసినవారెవరూ కొండ కింద తవ్విన సెల్లారు గోతిని ఆ నెలల్లో తేలికగా తీసుకోరు. పునాది పని సెప్టెంబరులోగా నేలమట్టానికి రాకపోతే, ప్రకటించిన గడువుకు ఒక వానాకాలం కలుపుకుని లెక్కవేయండి.

బంకర్ గోడలు లేచాక చాలా నెలలపాటు బయటికి ఏమీ కనబడదు. యంత్రం కూర్చునే ఇనుప చట్రాన్ని నేలలో గోయి తీసి ముందే మట్టసంగా అమర్చాలి, తీగలకు వంకర గొట్టాలు వదలాలి, ఏసీ గాలి గొట్టాలను మలుపుదారి మీదుగా తేవాలి. యంత్రం రాకముందే విద్యుత్తు, చల్లనీరు, స్థిరమైన ఉష్ణోగ్రత సిద్ధంగా ఉండాలి. కాబట్టి ఆవరణలో ట్రాన్స్‌ఫార్మరు, జనరేటరు, నీటిని చల్లబరిచే చిల్లర్లు దిగాయా అన్నది ఈ దశలో మంచి గుర్తు. విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది గనుక హెచ్‌టీ (హై టెన్షన్) విద్యుత్ కనెక్షన్ మంజూరైందో లేదో తెలుసుకోవడానికి స్థానిక విలేకరులు ఎక్కడికీ పోనక్కరలేదు.

ఇంతకంటే నమ్మదగిన సమాచారం కాగితాల్లో ఉంటుంది. దేశంలో ఏ రేడియేషన్ చికిత్సా విభాగమైనా ముంబైలోని అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి లేకుండా నడవకూడదు. ముందుగా స్థలానికి, బంకర్ నమూనాకు ఆమోదం పొందాలి. ఆ నమూనాలో గోడల మందమే కాక పక్క గదిలో, పై అంతస్తులో ఎవరు ఉంటారన్నదీ చూపాలి. తరువాత యంత్రం తెప్పించుకోవడానికి అనుమతి, అమర్చాక పరీక్షలు, గోడల వెలుపల రేడియేషన్ కొలతలు, చివరికి నడపడానికి లైసెన్సు. ఈ వరుసలో కేంద్రం ఏ మెట్టు మీద ఉందో అడిగితే, శాతాలన్నీ పక్కకు పోయి ఒక్క మాటలో జవాబు వస్తుంది. నమూనా ఆమోదం రాకముందే బంకర్ గోడలు పోస్తున్నారంటే అది వేగం కాదు, తరువాత కొట్టి కట్టవలసి వచ్చే ప్రమాదం. యంత్రం వచ్చాక కూడా వైద్య భౌతికశాస్త్రవేత్త నీటి తొట్టెలో కిరణపు కొలతలు తీసి, వాటిని చికిత్సా ప్రణాళిక కంప్యూటరులో ఎక్కించి సరిచూడాలి. యంత్రం లారీ దిగిన రోజుకూ మొదటి రోగికీ మధ్య కొన్ని నెలలు గడవడం మామూలే.

అధికారులు నోటితో చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. చాలామంది దానిని కాగితాల నకళ్ల కోసమే వాడతారు గాని, సెక్షన్ 2(జె) ప్రకారం పనిని స్వయంగా పరిశీలించే హక్కు, ధ్రువీకరించిన సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు కూడా పౌరునికి ఉన్నాయి. జిల్లా స్థాయి కార్యాలయానికి పది రూపాయల రుసుముతో దరఖాస్తు చేస్తే ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. "పనులు ఎంతవరకు వచ్చాయి" అని అడిగితే "పురోగతిలో ఉన్నాయి" అనే జవాబే వస్తుంది. దానికి బదులు ఒప్పందంలోని గడువు తేదీ, ఇచ్చిన గడువు పొడిగింపు ఉత్తర్వుల నకళ్లు, చివరి రెండు బిల్లుల ఎం-బుక్కు పుటలు, బంకర్ కాంక్రీటు ఘనాల పరీక్షా ఫలితాలు, అణుశక్తి నియంత్రణ మండలితో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలు అని విడివిడిగా అడగాలి. కట్టేది ట్రస్టు అయితే నేరుగా ఈ చట్టం వర్తించకపోవచ్చు. అప్పుడు వేరే చట్టం కింద ఆ సంస్థనుంచి సమాచారం తెప్పించుకునే అధికారం ఉన్న ప్రభుత్వ శాఖను, ఉదాహరణకు అగ్నిమాపక శాఖను గాని, కాలుష్య నియంత్రణ మండలిని గాని సెక్షన్ 2(ఎఫ్) ఆధారంగా అడగవచ్చు.

గోడల తరువాత మనుషులను చూడాలి. రేడియేషన్ ఆంకాలజిస్టు, వైద్య భౌతికశాస్త్రవేత్త, టెక్నాలజిస్టు, రేడియేషన్ భద్రతాధికారి లేకుండా లైసెన్సు రాదు. వీరి నియామక ప్రకటన వెలువడిందా, చేరినవారు ఉన్నారా అని చూస్తే, ప్రారంభోత్సవం దగ్గరలో ఉందో, కేవలం రిబ్బను మాత్రమే దగ్గరలో ఉందో తేలిపోతుంది.

ప్రారంభమైంది అన్న మాటను కూడా విడదీసి అర్థం చేసుకోవాలి. ఓపీ, కీమోథెరపీ డే కేర్ విభాగాలకు బంకర్ అవసరం లేదు కాబట్టి అవి ముందే తెరుచుకోవచ్చు, అందులో తప్పులేదు. కేన్సర్ ఒంట్లో ఎక్కడెక్కడ ఉందో చూపే పెట్-సీటీ స్కాను గది తయారైనా, అందులో వాడే ఫ్లోరిన్-18 మందు శక్తి 110 నిమిషాల్లో సగానికి పడిపోతుంది గనుక దగ్గరలోని నగరం నుంచి ఆ మందు రోజూ అందే ఏర్పాటు కుదిరేదాకా స్కానులు మొదలు కావు. ఈలోగా రోగ నిర్ధారణ అయినవారు కొత్త భవనం కోసం ఒక్క వారం కూడా ఆగకుండా, తిరుపతి స్విమ్స్ ఆస్పత్రిలోనో, వేలూరు సీఎంసీలోనో, చెన్నై అడయార్ కేన్సర్ సంస్థలోనో చికిత్స మొదలుపెట్టాలి.

చివరగా, లైసెన్సు వచ్చినంత మాత్రాన పేద రోగికి ఉచిత వైద్యం మొదలైనట్టు కాదు. రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ జాబితాలో ఆ కేంద్రం పేరుతో పాటు రేడియేషన్ విభాగం కూడా చేరిందా అని, జిల్లా సమన్వయకర్త కార్యాలయంలో గాని ఆస్పత్రిలో ఆ పథకం రోగులకు సాయపడే వైద్యమిత్ర దగ్గర గాని అడిగి తెలుసుకోవాలి. చేరిందని చెబితే, వెంటనే సిమ్యులేషన్ స్కానుకు, అంటే రేడియేషన్ ప్రణాళిక కోసం ముందుగా తీసే స్కానుకు, ఏ తేదీ ఇస్తారో కూడా అడగండి.