డెవలప్‌మెంట్ ప్రాజెక్ట్ చేస్తున్నారా? ముందు బ్రీఫ్‌ని అనుమానించండి

మాస్టర్స్‌లో ఇండస్ట్రీ ప్రాజెక్ట్ అని ఒకటి ఉంటుంది కదా, ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్ వైపు తీసుకుంటే క్లయింట్ ఏదో ఎన్జీఓ అయ్యుంటుంది, పని జరిగేదేమో నేపాల్‌లోనో మలావీలోనో, మనం మాత్రం ఎక్కడో లండన్‌లో కూర్చుని జూమ్ కాల్స్ మాట్లాడుతుంటాం. చేతిలో ఉండేది ఒక్క సెమిస్టర్. ఆ కంగారులో అందరూ బ్రీఫ్, అంటే క్లయింట్ రాసిచ్చే పని వివరం, రాగానే సొల్యూషన్ మీద పడిపోతారు. నన్నడిగితే మొదటి రెండు మూడు వారాలు సొల్యూషన్ ఊసే ఎత్తొద్దు.

2007లో స్టాన్‌ఫర్డ్‌లో ఒక క్లాస్ ప్రాజెక్ట్ జరిగింది, స్టూడెంట్స్‌కి ఇచ్చిన పని తక్కువ ఖర్చులో ఇంక్యుబేటర్ (నెలలు నిండని పిల్లల్ని వెచ్చగా ఉంచే మెషీన్) తయారుచెయ్యడం. మామూలుది దాదాపు 20 వేల డాలర్లు, అందులో 1 శాతానికే చెయ్యాలి. టీమ్‌లో ఒకతను నేపాల్ వెళ్లి ఖాట్మండు హాస్పిటల్లో చూస్తే ఇంక్యుబేటర్లు ఖాళీగా పడున్నాయి! నెలలు నిండని పిల్లలు పుట్టేది ఎక్కడో ఊళ్లలో, హాస్పిటల్ దాకా రానేరారు. అంటే మెషీన్ రేటు తగ్గించినా ఉపయోగం లేదు. అప్పుడు రూటు మార్చి, కరెంటుతో నిరంతరం పని లేకుండా కొన్ని గంటలపాటు 37 డిగ్రీలు నిలిపే చిన్న స్లీపింగ్ బ్యాగ్ లాంటిది చేశారు, అదే ఎంబ్రేస్.

కాబట్టి క్లయింట్‌ని మొదటి కాల్‌లోనే అడగండి: ఇప్పటికే అక్కడ ఏముంది, అది ఎందుకు వాడట్లేదు? హెడ్ ఆఫీస్ వాళ్లతోనే సరిపెట్టకుండా ఫీల్డ్‌లో పనిచేసే నర్సుతోనో డ్రైవర్‌తోనో మాట్లాడించమనండి, డ్రైవర్లకి తెలిసినంత ఎవరికీ తెలీదు, సీరియస్‌గా చెప్తున్నా.

ఇంటర్వ్యూల్లో "మీకిది నచ్చిందా, వాడతారా" అని అడక్కండి. భోజనానికి పిలిచినోళ్లు కూర ఎలా ఉందని అడిగితే మనం ఏమంటాం, బాగుందనే కదా, వాళ్లూ అదే చెప్తారు. "పోయినసారి ఇలా అయినప్పుడు ఏం చేశారు, ఎంత ఖర్చయింది, ఎవరు తోడొచ్చారు" అని జరిగినదాని గురించి అడగండి. వస్తువు ఉంటే చేతికిచ్చి చూడండి. ఎంబ్రేస్ వాళ్లకి ఇండియాలో ఒక తల్లి ఏం చెప్పిందంటే, ఇంగ్లిష్ మందులు పవర్ ఎక్కువ కాబట్టి డాక్టర్ చెప్పిన డోసులో సగమే వేస్తామని, అలాగే 37 అని ఉంటే 30 దగ్గరే పెట్టుకుంటామని. దాంతో అంకెలు తీసేసి ఓకే, నాట్ ఓకే అని మాత్రమే చూపించేలా మార్చారు. ల్యాబ్‌లో ఎన్నేళ్లు కూర్చున్నా ఇది తట్టదు.

ఇంకోటి, చేతిలెక్క. ప్లేపంప్ అని పిల్లలు రంగులరాట్నం తిప్పితే నీళ్లొచ్చే పంపు, 2006లో అమెరికా నుంచి కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు. ఒక్కో పంపు 2,500 మందికి అన్నారు. మనిషికి రోజుకి 15 లీటర్ల చొప్పున గార్డియన్ పత్రిక 2009లో లెక్కేస్తే పిల్లలు రోజుకి 27 గంటలు ఆడాలి 😅 ఎక్సెల్‌లో ఒక్క లైన్ పని. మీ ఐడియాకి కూడా ఆ ఒక్క లైన్ వేసుకోండి ముందు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. ఎథిక్స్ అప్రూవల్‌కి (మనుషుల్ని ఇంటర్వ్యూ చెయ్యడానికి యూనివర్సిటీ ఇచ్చే అనుమతి) మొదటి వారంలోనే అప్లై చెయ్యండి, అది లేటైతే ఇంటర్వ్యూలన్నీ లేటే. ఏం చేస్తారో, ముఖ్యంగా ఏం చెయ్యరో ఒక పేజీలో రాసి క్లయింట్‌తో మెయిల్లో ఓకే అనిపించుకోండి, మధ్యలో మీ కాంటాక్ట్ పర్సన్ మారిపోతే ఆ పేజీయే దిక్కు. సర్వేకి కోబోటూల్‌బాక్స్ చాలు, నెట్ లేకపోయినా ఫోన్‌లో నింపొచ్చు. ట్రాన్స్‌లేటర్‌కి డబ్బులు బడ్జెట్‌లో పెట్టండి, ఫ్రీగా చేయించుకోకండి.

చివర్లో పెద్ద రిపోర్ట్ యూనివర్సిటీకి ఇవ్వండి, క్లయింట్‌కి మాత్రం రెండు పేజీలూ ఒక ఎక్సెల్ షీటూ. డ్యాష్‌బోర్డ్ చేస్తే మీ యూనివర్సిటీ మెయిల్ ఐడీ మీద అస్సలు ఉంచకండి, చదువైపోయాక ఆ ఐడీ మూసేస్తే లింక్ కూడా చచ్చిపోతుంది, ప్రజెంటేషన్‌కి ముందే ఓనర్‌షిప్ వాళ్ల అకౌంట్‌కి మార్చేసి వాళ్లచేతే ఒకసారి ఓపెన్ చేయించి చూడండి.