ల్యాండ్ యూజ్ ప్లాన్ ఖరారయ్యేలోపు ఆరోగ్యపరంగా చూసుకోవాల్సినవి

ఊళ్లో ఏ స్థలాన్ని దేనికి వాడాలో చెప్పే ఈ ప్లాన్ డ్రాఫ్ట్ మీద అభ్యంతరాలకి గడువు దగ్గర పడుతుంటే మిగతావి పక్కనపెట్టి ముందు ఇవి చూడండి.

– బడి, ఆసుపత్రి, వృద్ధాశ్రమం పెద్ద రోడ్డుకి ఆనుకుని ఉన్నాయా? వాహనాల పొగ మొదటి 150 మీటర్లలోనే బాగా ఎక్కువ. కట్టేశాక బిల్డింగ్‌ని జరపలేం కదా, అందుకే అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇదే.

– పాత ఫ్యాక్టరీ, పెట్రోల్ బంకు, డంపింగ్ యార్డ్ ఉన్న స్థలమైతే మట్టి పరీక్ష చేయించకుండా ఇళ్లకి ఇవ్వొద్దు. సీసం కంటికి కనపడదు, మట్టిలో ఆడుకునే పిల్లల ఒంట్లోకి మాత్రం చేరిపోతుంది.

– ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి ఎటు నుంచి వీస్తుందో చూడండి. మ్యాప్‌లో పరిశ్రమ దూరంగానే ఉంటుంది, పొగ మాత్రం నేరుగా ఇళ్ల మీదికే.

– పార్కు దూరం. ఇంటి నుంచి 300 మీటర్లలోపు కనీసం అర హెక్టారు పచ్చదనం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ కార్యాలయం చెప్పేది సరళరేఖలో కొలిచే లెక్క, మధ్యలో హైవే అడ్డొస్తే ఆ 300 మీటర్లకి అర్థమే లేదు, కాబట్టి నడిచే దారిని కూడా కొలవండి.

– వాననీరు నిలిచే పల్లం: దోమలు.

– ఆరోగ్య శాఖ వాళ్లని మొదటి డ్రాఫ్ట్‌కే పిలవండి. చివర్లో పిలిస్తే సంతకం తప్ప చేయడానికేం మిగలదు.