యుద్ధవేళ అగ్రరాజ్యం వెంట నిజంగా ఎవరున్నారో లెక్క తీయడం ఎలా

ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలబెట్టిన కుర్సురా సోవియట్ యూనియన్‌లో తయారైన జలాంతర్గామి. విశాఖ తీరానికి ఎదురుగా సముద్రం అడుగున పడి ఉన్న ఘాజీ అమెరికాలో తయారైంది. డయాబ్లో పేరుతో అమెరికా నౌకాదళంలో పనిచేసి, 1960లలో లీజు మీద పాకిస్తాన్ చేతికొచ్చి, 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి ప్రాంతంలో ఇక్కడ మునిగింది. ఎలా మునిగిందన్నదానిపై రెండు దేశాలూ చెరో మాట చెబుతాయి, ఆ తగువు మనకిక్కడ అక్కర్లేదు. మనకు కావలసిన ప్రశ్న వేరు: జలాంతర్గామి ఇచ్చిన దేశం యుద్ధానికి కూడా వస్తుందా?

విశాఖ ద్వారకానగర్‌లో గ్రూప్స్‌కో సివిల్స్‌కో చదివేవాళ్లు పేపర్లో "మిత్రదేశాల మధ్య చీలిక" అని కనబడగానే నోట్సులోకి ఎక్కించేస్తారు. నాయకులు కౌగిలించుకున్నారా, మొహం ముడుచుకున్నారా అన్నదాన్ని బట్టి ఏదీ తేలదు. ముందు ఒడంబడిక కాగితం తీయాలి. తర్వాత సైన్యానికి దారి ఎవరిచ్చారు, డబ్బు ఎవరి చేతిలో ఉంది, ఐక్యరాజ్యసమితిలో ఓటు ఎటు పడింది అన్నవి చూడాలి.

మొదట మాట దగ్గరే జాగ్రత్త. తెలుగు పత్రికల్లో ఒడంబడిక ఉన్న దేశమూ మిత్రదేశమే, సఖ్యంగా ఉన్న దేశమూ మిత్రదేశమే. నోట్సులో వీటిని విడదీయండి: రక్షణ ఒడంబడిక ఉంటే "ఒడంబడిక దేశం", లేకపోతే "భాగస్వామి". 2024 అక్టోబర్‌లో మలబార్ నౌకాదళ విన్యాసాలు విశాఖలోనే జరిగాయి. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా నౌకాదళాలు వచ్చాయి. అయినా మనకూ అమెరికాకూ పరస్పర రక్షణ ఒడంబడిక లేదు. 2016లో ఇచ్చిన "ప్రధాన రక్షణ భాగస్వామి" హోదా ఆయుధాలు, సాంకేతికత అమ్మకానికి పనికొస్తుంది, అంతే. పాకిస్తాన్‌కు 2004లో ఇచ్చిన "నాటోయేతర ప్రధాన మిత్రదేశం" హోదా కూడా రక్షణ హామీ కాదు.

ఒడంబడిక చదివేటప్పుడు మూడు చోట్ల పెన్సిల్‌తో గీత పెట్టండి. ఏ దాడికి వర్తిస్తుంది? ఏ ప్రాంతంలో వర్తిస్తుంది? ఏం చేస్తామన్నారు? అమెరికా, యూరప్ దేశాల రక్షణ కూటమి నాటో. దాని 1949 ఒడంబడిక 5వ అధికరణం ఒకరిపై దాడి అందరిపై దాడే అంటుంది, కానీ ఒక్కో దేశం "తనకు అవసరమనిపించిన చర్య" తీసుకుంటుందని మాత్రమే రాసింది. సైన్యం పంపి తీరాలని ఎక్కడా లేదు. 6వ అధికరణం హద్దు గీస్తుంది: యూరప్, ఉత్తర అమెరికా, కర్కటరేఖకు ఉత్తరాన ఉన్న అట్లాంటిక్ ప్రాంతం. అందుకే 1982లో అర్జెంటీనా ఫాక్‌లాండ్ దీవుల మీదకొచ్చినప్పుడు బ్రిటన్‌కు నాటో హామీ అక్కరకు రాలేదు. 5వ అధికరణాన్ని ఇప్పటికి ఒక్కసారే ప్రయోగించారు, 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత.

ఘాజీ ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. పాకిస్తాన్ 1954లో ఆగ్నేయాసియా రక్షణ కూటమి అయిన సీటో ఒడంబడికలో చేరింది. అమెరికా మాత్రం తన హామీ కమ్యూనిస్టు దాడికే పరిమితమని ఆ ఒడంబడికలోనే రాసిపెట్టుకుంది. భారత్‌తో యుద్ధం ఆ కిందకు రాదు. 1971 డిసెంబర్‌లో అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ తన నౌకాబృందంతో బంగాళాఖాతంలోకి వచ్చింది గానీ, ఢాకాలో పాకిస్తాన్ సేనల లొంగుబాటును అది ఆపలేదు. అటుపక్క, ఆ ఏడాది ఆగస్టు 9న మనం సోవియట్‌లతో చేసుకున్న ఒప్పందం 9వ అధికరణం కూడా ముప్పు వస్తే వెంటనే సంప్రదింపులు జరిపి తగిన చర్యలు తీసుకుందామనే అంది. "సోవియట్‌లు మన తరఫున యుద్ధం చేస్తామని రాసిచ్చారు" అని జవాబుపత్రంలో రాస్తే తప్పు.

తర్వాత దారి. నా ఉద్దేశంలో అన్నిటికన్నా నమ్మదగ్గ గుర్తు ఇదే, ఎందుకంటే విమానం ఎగరడానికి అనుమతి ఉందా లేదా అన్నదాన్ని ప్రకటనలతో కప్పిపుచ్చలేరు. 1973 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంలో ఇజ్రాయెల్‌కు ఆయుధాలు మోసే అమెరికా విమానాలకు యూరప్ మిత్రుల్లో చాలామంది తలుపులు మూసేస్తే, పోర్చుగల్ ఏలుబడిలోని అజోర్స్ దీవుల స్థావరమే దిక్కయింది. 1986లో లిబియాపై దాడికి బ్రిటన్ నుంచి బయల్దేరిన విమానాలను ఫ్రాన్స్ తన గగనతలంలోకి రానివ్వలేదు. అవి జిబ్రాల్టర్ చుట్టూ తిరిగి వెళ్లాయి. 2003 మార్చి 1న టర్కీ పార్లమెంటులో ఇరాక్ యుద్ధానికి వెళ్లే అమెరికా సేనలకు దారి ఇచ్చే తీర్మానానికి 264 మంది అవునన్నారు, 250 మంది కాదన్నారు, 19 మంది తటస్థంగా ఉన్నారు. హాజరైనవారిలో సగానికి మించి, అంటే 267 కావాలి. మూడు ఓట్ల తేడాతో తీర్మానం వీగిపోయింది, టర్కీ తీరం దగ్గర ఎదురుచూస్తున్న సైనిక సామగ్రి ఓడలు కువైట్ దారి పట్టాయి. ఇలాంటి చోట "టర్కీ నిరాకరించింది" అని ఊరుకోకుండా, ప్రభుత్వం కాదన్నదా పార్లమెంటు కాదన్నదా అని రాసుకోండి. ఆ తీర్మానాన్ని సభకు తెచ్చింది టర్కీ ప్రభుత్వమే.

డబ్బు దగ్గర 1956 సూయజ్ కాలువ యుద్ధం ఒక్కటి చదివితే సరిపోతుంది. ఈజిప్టుపై దాడికి దిగిన బ్రిటన్‌కు పౌండ్ విలువ జారిపోతుంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి సాయం అవసరమైంది. సేనలు వెనక్కి తీస్తేనే అని అమెరికా మెలిక పెట్టింది. భాగస్వాములకూ ఈ దెబ్బ తగులుతుంది: రష్యా చమురు కొంటున్నామని 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా అదనంగా 25 శాతం కలిపి మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, ఆ భారం మన రొయ్యల ఎగుమతిదార్ల మీదా పడింది.

ఓట్లలో తటస్థుల వరుస చూడటం మర్చిపోతారు, అసలు సంగతి అక్కడే ఉంటుంది. 1971 డిసెంబర్ 4న భద్రతామండలిలో అమెరికా పెట్టిన కాల్పుల విరమణ తీర్మానానికి 11 ఓట్లు వచ్చాయి, సోవియట్ యూనియన్, పోలెండ్ వ్యతిరేకించాయి. బ్రిటన్, ఫ్రాన్స్ తటస్థంగా ఉండిపోయాయి, నాటో మిత్రులై ఉండి కూడా. 2025 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ యుద్ధం మీద ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో యూరప్ దేశాల తీర్మానానికి 93 అనుకూలం, 18 వ్యతిరేకం, 65 తటస్థం. ఆ 18లో రష్యాతో పాటు అమెరికా ఉంది, 65లో మనం ఉన్నాం.

నోట్‌బుక్‌లో అడ్డంగా అయిదు గడులు గీయండి: తేదీ, దేశం, అన్న మాట, చేసిన పని, నిర్ణయించిందెవరు. మూడో గడి నిండి నాలుగోది ఖాళీగా ఉన్న వార్తను పెన్సిల్‌తోనే రాసి, నెల తర్వాత మళ్లీ చూడండి. సాధన పాత యుద్ధంతో మొదలెట్టండి, సూయజ్ అయితే కథ ముగిసిపోయింది కాబట్టి మీ లెక్క సరో కాదో తేలిపోతుంది. అమెరికా విదేశాంగ శాఖ తన పాత దౌత్యపత్రాలను సంపుటాలుగా ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది, వాటితో సరిపోల్చుకోవచ్చు.

తేదీల దగ్గర ఒక చిక్కుంది. న్యూయార్క్ గడియారం మనకంటే చలికాలంలో పదిన్నర గంటలు, వేసవిలో తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ డిసెంబర్ 4 రాత్రి పడిన ఓటు విశాఖలో 5వ తేదీ. తేదీ గడిలో ఎక్కడి తేదీనో కూడా రాయండి.