కథలో వర్ణన ఎంత ఉండాలి?

ప్రబంధకవులకు ఈ చిక్కు ఉండేది కాదు. నగరం, సముద్రం, ఋతువులు, చంద్రోదయం మొదలుకొని అష్టాదశ వర్ణనల పద్దు వారికి ముందే సిద్ధంగా ఉండేది. వర్ణన కోసమే కావ్యం విప్పిన రసికుడు కథ ఆగినందుకు నొచ్చుకునేవాడు కాదు. 1910లో అచ్చయిన గురజాడ ‘దిద్దుబాటు’ నాటికి కథ అర్ధరాత్రి తలుపు తట్టడంతోనే మొదలైపోయింది. నేటి కథకుడు ప్రతి వర్ణనకూ కారణం చూపవలసి ఉంటుంది.

ఆ కారణం కోసం వెతకవలసింది దృశ్యాన్ని చూస్తున్న పాత్ర మనసులో. బంగారం తాకట్టు పెట్టడానికి బ్యాంకుకు వచ్చిన రైతును తీసుకుందాం. గోడల రంగు, గాజు తలుపు, వరుస కుర్చీలు రచయితకు కనిపిస్తాయి గాని అతనికి కనిపించవు. అతని చూపంతా భార్య పుస్తెలతాడును గీటురాయి మీద గీస్తున్న చేతి మీదే ఉంటుంది. ఆ గీత మీద యాసిడ్ చుక్క వేసి, బంగారం నాణ్యత చూసే అప్రైజర్ ఏమీ తేల్చకుండా చూస్తున్న అరనిమిషాన్ని ఆరు వాక్యాలు రాసినా పాఠకుడికి విసుగు రాదు. అదే కథను ఆ బ్యాంకు గుమాస్తా చెబుతుంటే మాత్రం, రోజూ చూసే గీటురాయి ఒక్క మాటలో దాటిపోవాలి.

తొలి ప్రతిలో చేతిని కట్టేయకండి, తోచినదంతా రాయండి. రెండు రోజుల తరువాత పైకి చదువుతున్నప్పుడు గొంతు తనంతట తానే తొందరపడే చోట్లను గుర్తు పెట్టుకుంటే, కోత ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. ముందుగా విశేషణాలను పట్టుకోండి. ‘పచ్చని అందమైన పొలం’ అనడం కంటే ‘పొట్ట మీదున్న వరి’ అంటే రంగు, అదను, నీటి కోసం రైతు పడే ఆరాటం మూడూ ఆ మాటలోనే వస్తాయి. (ఆ మాట తెలియని పాఠకుడి కోసం పక్కనే అర్థం చెప్పడం నాకు నచ్చదు, సందర్భమే చెబుతుంది.)

ముక్కు, నుదురు, జుట్టు వరుసగా చెప్పే రూపవర్ణనను నిస్సంకోచంగా తీసేయవచ్చు. జగడం మధ్యలో కిటికీ అవతలి వాన గురించి రాయకండి, ఆ వానకు బయట ఆరబోసిన ధాన్యం తడుస్తుంటే తప్ప.

ఇక కథ చివర ఎవరో దిగబోయే బావి ఉంటే, దాని ఒరిగిన గిలకను ఆరంభంలోనే, నీళ్లు తోడే పని నడుమ, ఒక్క వాక్యంలో చూపించి వదిలేయండి.