మండువా లోగిలికి కొత్త గదులు కలుపుతున్నారా?

గోదావరి జిల్లాల్లో తాతల నాటి మండువా లోగిలిని, అంటే నడిమధ్య పైకప్పు లేని మండువా ఉన్న ఇంటిని, బాగు చేయించుకునేవారు ముందుగా గోడలో ఏముందో చూడండి. ఇటుకల మధ్య అతుకును మేకుతో గీకినప్పుడు తెల్లని పొడి సులువుగా రాలితే అది సున్నం. ఆ గోడకు సిమెంటు పూత వద్దు. నేలలోంచి ఎక్కే చెమ్మ సున్నం గుండా బయటికి ఆరిపోతుంది. సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. అప్పుడు చెమ్మ ఇంకా పైకి ఎగబాకి, ఉప్పు పూసి, ఇటుక పెచ్చులుగా రాలుతుంది. దూలం చివర గోడలోకి దూరిన చోట కలప పుచ్చుతుంది. అందుకే మళ్లీ సున్నం, ఇసుకతోనే పూయించి, పైన వెల్ల వేయించండి. సున్నం పని తెలిసిన మేస్త్రి దొరకడం కష్టమే, అయినా వెతకండి.

స్నానాల గదులను పాత గదుల్లో ఇరికించకుండా పెరటి వైపు విడిగా కట్టి, చిన్న వసారాతో కలపండి. కొత్త పునాది తనదైన తీరులో కుంగుతుంది కాబట్టి రెండు గోడలను కలిపి కట్టకుండా మధ్య ఒక అంగుళం సందు వదలాలి. లేదంటే పాత గోడ బీటలు వారుతుంది.

మండువా మీద స్లాబు మాత్రం వేయకండి, బతిమాలి చెబుతున్నాను. ఇంటికి గాలీ వెలుగూ అక్కడి నుంచే. కోతుల బెడద ఉంటే ఇనుప జాలీ చాలు. వాన నీరు బయటికి పోయే తూములో పూడిక ఏటా తొలకరికి ముందే తీయించండి.