సెంట్రల్ ఏసీ పెట్టించే ముందు

హైదరాబాద్‌లో డూప్లెక్స్ కట్టుకునేవాళ్లు సెంట్రల్ ఏసీ గురించి ఆలోచించాల్సింది స్లాబ్ పడ్డాక, ఫాల్స్ సీలింగ్ మొదలుపెట్టక ముందు. డక్ట్ యూనిట్ (గొట్టాల గుండా గదికి చల్లగాలి పంపే పెట్టె) కూర్చోవాలంటే సీలింగ్ పైన కనీసం అడుగు ఖాళీ కావాలి, అందుకు.

గదులు వేర్వేరు వేళల్లో వాడే ఇంటికి వీఆర్‌ఎఫ్ మేలు, అంటే బయట ఒకే యూనిట్ ఉండి గదిగదికీ కావాల్సినంతే గ్యాస్ పంపే ఏసీ. ఒక్క పడకగదే నడిస్తే కంప్రెసర్ ఆ మేరకే తగ్గి తిరుగుతుంది. మామూలు డక్టబుల్ యూనిట్‌లో ఆ వెసులుబాటు తక్కువ, హాలు ఒక్కటే పెద్దగా ఉంటే అది చాలు. వాటర్ కూల్డ్ (వేడిని నీళ్లతో బయటికి పంపే రకం) జోలికి పోకండి. మన బోరు నీళ్ల ఉప్పుకి కండెన్సర్‌లో పొర కడుతుంది.

చదరపు అడుగులకి ఇన్ని టన్నులని నోటిలెక్క చెప్తే ఒప్పుకోవద్దు. పైఅంతస్తు, పడమటి గోడ, అద్దాలు చూసి గదిగదికీ హీట్ లోడ్, అంటే ఏసీ తీసేయాల్సిన వేడి లెక్క, కాగితం మీద ఇమ్మనండి. టన్నుకి సుమారు 400 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) గాలి రావాలి.

ఎక్కువ ఇళ్లలో తంటా వచ్చేది ఏసీలో ఊరే నీళ్లని బయటికి పంపే డ్రెయిన్ పైపుతోనే. మీటరుకి 1 సెంటీమీటరు వాలు, పైన ఇన్సులేషన్ తప్పనిసరి. లేకపోతే జూలై ముసురులో పైపుకి చెమట పట్టి జిప్సమ్ సీలింగ్ మీద పసుపు మరకలు తేలతాయి. సీలింగ్ మూయకముందే యూనిట్ కింది నీళ్ల ట్రేలో బకెట్ నీళ్లు పోయించి, చివర బయటికి వస్తున్నాయో లేదో మీరే నిలబడి చూడండి. గ్యాస్ వెళ్లే రాగి పైపుల్లో లీకు ఉందేమో తెలియడానికి ఒత్తిడితో నైట్రోజన్ నింపి 24 గంటలు ఉంచాలి. గేజ్ ముల్లు ఫోటో తీసి పెట్టుకోండి, మర్నాడు అదే వేళకి పోల్చి చూడండి. ప్రతి యూనిట్ కింద సీలింగ్‌లో 2 అడుగుల తలుపు వదిలించండి, ఫిల్టర్ కడగాలి కదా.